వియ్యపురాలి వంశవృక్షం

ముందు పోయినవి లెక్క వేస్తాను. పసిబిడ్డలు నలుగురు. ఎదిగిన కొడుకు ఒకడు, యుద్ధంలో. పశువులకూ గడ్డికీ కట్టుకున్న పెద్ద కొట్టాలు రెండు. ఒకటి పిడుగు పడి కాలిపోయింది, రెండోది సుడిగాలికి లేచి పక్కవాళ్ల చేలో పడింది. నూట అరవై ఎకరాల్లో ఎనభై, వానలు లేని ఏళ్లలో. కాపురానికి వచ్చి రెండేళ్లు తిరక్కుండా పోయిన భార్య ఒకతె. ఆ తరవాత ఆవిడ సమాధి. ఆ తరవాత, ఆ సమాధి ఎక్కడుందో తెలిసిన మనుషులు.

ఇవేవీ నావి కావు. అమెరికాలో అయోవా అనే మొక్కజొన్నల రాష్ట్రంలో ఒక రైతు కుటుంబం పోగొట్టుకున్నవి. నేను తెనాలి దగ్గర పుట్టి, పాతికేళ్లుగా కెనడాలో ఉంటూ, ఇప్పుడు మిల్టన్‌లో ఒక టౌన్‌హౌస్‌లో కాపురం చేస్తున్నదాన్ని. అయినా ఈ లెక్క నా దగ్గర ఉంది, వాళ్లలో ఎవరి దగ్గరా లేదు. ఎందుకంటే ఆ వంశవృక్షం కట్టింది నేను.

నేను చదివింది ఇంటర్ వరకే. లెక్క మాత్రం మా నాన్న ఎరువుల కొట్లో కూర్చుని నేర్చుకున్నాను. ఇక్కడికి వచ్చాక వాన్ అనే ఊళ్లో ఒక గోడౌన్‌లో పెట్టెలు మోసే పనిలో చేరి, అక్కడే సరుకు లెక్కల్లోకి మారాను. కుళాయిలు, పైపులు, వాటిని కలిపే ఎల్బోలు. కంప్యూటర్ ఎంత చెబుతోంది, అరలో ఎన్ని ఉన్నాయి, తేడా ఎక్కడ వచ్చింది అన్నది నా పని. ఆ పనిలో మొదట నేర్చుకున్నది ఏమిటంటే, మొత్తం కలిసిందని సంతోషపడకూడదు. ముప్పావంగుళం ఎల్బో ఒకటి తగ్గి, అంగుళం ఎల్బో ఒకటి ఎక్కువైతే మొత్తం సరిగ్గానే కనిపిస్తుంది. తప్పు మాత్రం రెండు చోట్ల ఉంటుంది. తేడా కనిపించే తప్పుకంటే ఇది చెడ్డది, ఎవరూ వెతకరు కనుక.

మా అమ్మాయి వాటర్లూలో చదివింది, అక్కడే ఉద్యోగం, అక్కడే పరిచయమైన అబ్బాయిని చేసుకుంది. ఆ అబ్బాయిది వాటర్లూకి గంట దూరంలో పాడి, మొక్కజొన్న ఉన్న ఇల్లు. పెళ్లి మన పద్ధతిలోనే చేశాం. పీటల మీద కూర్చోబెట్టాక పంతులుగారు పెళ్లికొడుకు గోత్రం అడిగారు. ఎవరికీ ఏమీ తెలియదు. గోత్రం తెలియనివాళ్లకి కాశ్యప గోత్రం చెప్పడం ఆనవాయితీ కాబట్టి పంతులుగారు కాశ్యప అనేసి, ముగ్గురు ఋషుల పేర్లు గబగబా చదివి ముందుకు వెళ్లిపోయారు. అబ్బాయి తల్లి నా పక్కనే పట్టుచీరలో, పిన్నీసులు ఊడిపోతాయన్న భయంతో కదలకుండా కూర్చుని ఉంది.

"ఆయన ఇప్పుడు మా గురించి ఏం చెప్పాడు?" అని నా చెవిలో అడిగింది.

"మీ వంశం మొదట్లో ఎవరున్నారో చెప్పారు."

"ఆయనకెలా తెలుసు? మాకే తెలియదే!"

నాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వింది. భోజనాల దగ్గర మళ్లీ అదే మాట ఎత్తింది. వాళ్ల నాన్న అయోవా నుంచి వచ్చి, ఇక్కడి రైతు ఒక్కగానొక్క కూతుర్ని చేసుకుని, మామగారి పొలం చూసుకున్నాడట. ఇల్లరికం అంటారు మా దగ్గర అన్నాను. ఆ మాట ఆవిడకి నచ్చింది. అయోవా సంగతులు ఆయన ఎక్కువ చెప్పలేదు. ఒక కొట్టం ఫొటో, నాలుగు పేర్లు, అంతే మిగిలాయి. "మీకు ఋషి దాకా తెలుసు. నాకు మా తాత వాళ్లమ్మ ఎవరో కూడా సరిగ్గా తెలియదు," అంది.

మేమిద్దరం ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలని ఆవిడే అడిగింది. వియ్యపురాళ్లం వదినా అని పిలుచుకుంటామని చెప్పాను. ఆ రోజు నుంచి ఆవిడ ఇంగ్లీషులో ఎన్ని మాటలు మాట్లాడినా మధ్యలో ఆ ఒక్క మాట తెలుగులో వేసేది. ద సరిగ్గా పలికేది కాదు, ఎప్పుడూ డ అయ్యేది. ఇక్కడ ఆవిడ మాటలన్నీ నేను తెలుగులోకి మార్చి రాస్తున్నాను. ఆ ఒక్కటీ ఆవిడదే.

అలా ఆవిడ వంశవృక్షం కట్టే పని ఇద్దరం మొదలుపెట్టాం. మొదటి చలికాలం ఆ పని తప్పుదారిలో పోయింది. అలాంటి తప్పు మన తెలుగువాళ్లే చేస్తారు.

వాళ్ల ముత్తాత అయోవాలో భూమి తీసుకుని స్థిరపడినవాడు. ఆయనకి పదకొండుమంది పిల్లలు. పెద్దవాడు మా వియ్యపురాలికి తాత. ఆ పదకొండుమందిలో పెద్ద ఆడపిల్లకి ఒక పేరు ఉంది. ఆ పేరు అటు తల్లి వైపు ఎవరికీ లేదు, ఇటు తండ్రి వైపు దొరికినంతలో ఎవరికీ లేదు. నాకేముంది, మా ఇంట్లో నాది మా నాయనమ్మ పేరు, మా అన్నయ్యది తాతయ్య పేరు. పెద్ద ఆడపిల్లకి కొత్త పేరు కనిపించిందంటే అది నాయనమ్మ పేరే అయ్యుండాలి అనుకున్నాను. ఓడ దిగకముందు వాళ్లు ఉన్న పాత దేశంలో ఆ పేరుగల ముసలామె కోసం వెతికాను. నేను మిల్టన్‌లో, ఆవిడ తన వంటింట్లో, ఫోన్లు స్పీకర్‌లో పెట్టుకుని. ఆవిడ రొట్టె పిండి కలుపుతుంటే గిన్నె చప్పుడు నాకు వినిపించేది, నా కుక్కర్ కూతకి ఆవిడ ఉలిక్కిపడేది. చలికాలం అంతా వెతికితే ఆ పేరుగల ముసలామెలు చాలామంది దొరికారు. ఒక్కతీ వాళ్లది కాదు.

"వదినా, ఇక వెళ్లి చూద్దాం," అంది ఆవిడే.

జులైలో ఇద్దరం వాళ్ల పికప్ ట్రక్కులో బయల్దేరాం. మా ఆయన వాకిట్లో నిలబడి, "సొంత ఊళ్లో మీ తాత పొలం సర్వే నంబరు అడిగితే చెప్పలేవు, అయోవా వెళ్తున్నావా?" అన్నాడు. మా వియ్యపురాలు ఆ మాట ఏమిటని అడిగి చెప్పించుకుని, "వచ్చే ఏడాది అక్కడికి వెళ్దాం, నేను డ్రైవ్ చేస్తాను," అంది. ట్రక్కులో నేను కట్టుకొచ్చిన పులిహోర ఆవిడ ఒక చేత్తో తింటూ రెండో చేత్తో స్టీరింగ్ పట్టుకుంది. షికాగో దాటాక రోడ్డుకి రెండు పక్కలా మొక్కజొన్న తప్ప ఇంకేమీ లేదు.

శ్మశానం చేల మధ్య ఉంది. చర్చి కూలిపోయి చాలా కాలమైంది. గడ్డి మాత్రం ఎవరో కోస్తున్నారు. బక్కెట్టుతో నీళ్లు, మెత్తటి బ్రష్షులు పట్టుకెళ్లాం. ఆవిడ రాళ్లు కడిగేది, నేను చదివేదాన్ని. ఆ కాలం రాళ్లమీద పుట్టిన రోజు వేసే అలవాటు తక్కువ. పోయిన రోజు వేసి, కింద ఇన్ని ఏళ్లు, ఇన్ని నెలలు, ఇన్ని రోజులు బతికారని చెక్కుతారు. ఎవరో నాలాంటివాళ్లే కూర్చుని లెక్కకట్టినట్టు ఉంటుంది. వెనక్కి తీసేసుకుంటూ పోతే పుట్టిన రోజు వస్తుంది. నాకు ఆ రాళ్లు ఎంతో నచ్చాయి. పసిబిడ్డలకి కూడా చెక్కారు. పేరు పెట్టకముందే పోయినవాళ్లకి 'శిశువు' అని, కింద రోజులు. మూడు చిన్న రాళ్లు. నాలుగో బిడ్డ రాయి విరిగి మట్టిలో కూరుకుపోయి ఉంటే నేనే చేత్తో తవ్వి తీశాను.

ముత్తాత పక్కన భార్య రాయి. అరవై ఒక్క ఏళ్లు బతికింది. నేను వెనక్కి లెక్కేశాను. పెద్దకొడుకు రాయి దగ్గరికి వెళ్లి అతనిదీ లెక్కేశాను. మళ్లీ వేశాను. ఎండకి తల తిరుగుతోందేమోనని చెట్టు కింద కూర్చుని ఇంకోసారి వేశాను.

"వదినా, మీ తాత పుట్టినప్పుడు ఈవిడకి పదకొండేళ్లు," అన్నాను.

ఆవిడ చేతిలో బ్రష్ అలాగే ఉంది. "అయితే?"

"అయితే ఈవిడ మీ తాతకి తల్లి కాదు."

ఆ జిల్లాలోనే వాళ్ల నాన్నకి చిన్నాన్న కూతురు ఒకామె ఇంకా బతికి ఉంది, వృద్ధాశ్రమంలో. మర్నాడు వెళ్లాం. చెవులు వినపడవు గాని మనిషి చురుకు. అడిగిందే తడవుగా చెప్పేసింది. ముత్తాతకి మొదట ఒక భార్య ఉండేది. మొదటి కొడుకు పుట్టిన వారానికి పోయింది. అప్పటికి చర్చి కూడా లేదు, పొలం ఉత్తరపు గట్టున పూడ్చారు. ముత్తాత బతికున్నంత కాలం దున్నేటప్పుడు ఆ మేర వదిలి దున్నేవాడు. ఆయన తరవాత ట్రాక్టర్లు వచ్చాక కొడుకులు ఆ మేర కూడా దున్నేశారు. ఇంట్లో ఎవరూ ఆమె మాట ఎత్తకూడదు. రెండో ఆవిడ బాధపడుతుందని ముత్తాతే కట్టడి చేశాడు.

"కానీ బాధపడింది రెండో ఆవిడ కాదు," అంది ముసలామె. "ఆ రెండో ఆవిడే, మా నాయనమ్మే, తన మొదటి ఆడపిల్లకి ఆ పోయినామె పేరే పెట్టింది. ఎవరో ఒకరు ఈ ఇంట్లో ఆ పేరు పిలవాలి కదా, అందట."

నేను చలికాలమంతా పాత దేశంలో నాయనమ్మ కోసం వెతికాను. ఆ పేరు సవతిది. అలా ఎవరైనా పెడతారని నాకు తట్టనే లేదు.

తిరుగు ప్రయాణానికి ముందు ఆ ఉత్తరపు గట్టు ఎక్కడుండేదో చూడ్డానికి వెళ్లాం. గట్టు లేదు. పొలం వేరే వాళ్లది. తలెత్తు మొక్కజొన్న, వరస తరవాత వరస. మా వియ్యపురాలు రెండు వరసల మధ్య నాలుగు అడుగులు వేసి నిలబడింది. ఆకులు చేతులు కోసుకుంటాయి, వచ్చెయ్ అన్నాను. రాలేదు. ఆవిడ అప్పటిదాకా ఏడవడం నేను చూడలేదు.

"నేను ఈమె నుంచి వచ్చాను," అంది. "ఆ రెండో ఆవిడ నుంచి కాదు. నేను, నా కొడుకు, అందరం. వందేళ్లు ఈమెని వదిలేశాం. వదినా, నీకు మాటిస్తున్నాను, మా చెట్టులోంచి ఇక ఎవర్నీ తీసెయ్యనివ్వను. ఎవరైనా సరే."

మాట ఇవ్వమని నేను అడగలేదు. అందుకే నమ్మాను.

ఆ తరవాతి వసంతంలో మా అమ్మాయికి ఏడో నెలలో కాన్పు అయింది. ఆడపిల్ల. ఒక పగలు, ఒక రాత్రి ఉంది. హాస్పిటల్‌లో చేతికి కట్టిన పట్టీ మీద బేబీ గర్ల్ అనే ఉంది. ఇరవై ఒకటో రోజున పేరు పెడదామని మా అమ్మాయి ముందే చెప్పింది, నా కోసం. తెనాలిలో మా అమ్మకి ఫోన్ చేస్తే, "బారసాల కాని బిడ్డమ్మా, లెక్కలోకి రాదు. దానికి కర్మలూ లేవు, తిథీ లేదు. మీరూ మర్చిపోండి, పిల్లనీ మర్చిపోనివ్వండి," అంది. మా అమ్మ కఠినంగా అనలేదు. ఆవిడకీ ఇద్దరు అలా పోయారు. మా నాన్న ఎప్పుడు చెప్పినా పిల్లలు ఇద్దరే అనేవాడు. మా పద్ధతి అది. ఎవరైనా "మనవలెంతమందండీ?" అని అడిగితే నేను ఇంకా లేరనే చెప్పాను, చాలాసార్లు.

నెల తరవాత మా వియ్యపురాలు మిల్టన్ వచ్చింది. మా అమ్మాయి అప్పుడు నా దగ్గరే ఉంది, మాట్లాడేది కాదు. వంశవృక్షం అతికించిన కాగితాలు చుట్ట చుట్టి తెచ్చింది ఆవిడ. నా డైనింగ్ టేబుల్ మీద పరిచి, నాలుగు మూలలా నా మసాలా డబ్బాలు బరువు పెట్టింది. మా అమ్మాయి పేరూ అల్లుడి పేరూ ఉన్నచోట కింద పెన్సిల్‌తో చిన్న గుండ్రం గీసి, పక్కన 'శిశువు' అని రాసింది. అయోవాలో పోయిన ఆ నలుగురు పసిబిడ్డలకీ అలాగే గీశాం.

"ఇప్పుడు తనూ ఉంది," అంది.

మా అమ్మాయి వచ్చి దాన్ని చాలాసేపు చూసింది. "థాంక్స్, మామ్," అంది అత్తగారితో. ఆ రోజు అన్నం తింది.

రెండేళ్లకి అమ్మాయీ అల్లుడూ విడిపోయారు. అది వాళ్ల సంగతి, ఇక్కడ రాయను. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. ఇంట్లో ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయారు, అంతే. ఇక ఆ వంశవృక్షం పని ఆపెయ్యాలా అని అమ్మాయినే అడిగాను.

"వై? నువ్వు చెయ్యి అమ్మా," అంది. "అట్లీస్ట్ ఒక చోట తను రాసి ఉంది కదా. సమ్‌వేర్."

మా వియ్యపురాలు కూడా ఫోన్ చేసింది. "వాళ్లు విడిపోతే మనం విడిపోవాలా? నువ్వు నాకు వదినవే." ఆ చలికాలం, తరవాతి చలికాలం కూడా పని సాగింది. మిగిలిన శాఖలన్నీ కలిపాం. ముత్తాత నుంచి కిందికి పుట్టినవాళ్లందరికీ నేను వరసగా సంఖ్యలు ఇచ్చాను. కోడళ్లూ అల్లుళ్లూ వేరే లెక్క. పుట్టినవాళ్లు, బతికినవాళ్లూ పోయినవాళ్లూ కలిసి, రెండు వందల పదమూడు.

కిందటి ఆగస్టులో వాళ్ల పొలంలో కుటుంబమంతా కలుసుకునే పండగ పెట్టారు. అయోవా నుంచి కూడా వస్తున్నారు. వంశవృక్షాన్ని పెద్ద గుడ్డ మీద ప్రింట్ చేయించి ట్రాక్టర్ల షెడ్డు గోడకి కడతామంది. మే నెలలో నా చేత మూడుసార్లు సరిచూయించింది. స్పెల్లింగులు, సంఖ్యలు, గీతలు. మూడుసార్లూ రెండు వందల పదమూడే. "నువ్వు రాకపోతే ఎలా? నీ పసుపు అన్నం లేకుండా మావాళ్లు ఊరుకోరు," అంది. అల్లుడు మళ్లీ పెళ్లి చేసుకున్నాడని అప్పటికి నాకు తెలుసు. అయినా వెళ్దామన్నాను మా ఆయనతో. గోడమీద దాన్ని ఒక్కసారి చూడాలనిపించింది. అమ్మాయి రానంది. "ఫొటో పంపు," అంది. "ఆ కార్నర్ చాలు."

గేటు దగ్గర ఒక పెద్దాయన స్టికర్లు ఇస్తున్నాడు. ముత్తాత పిల్లల్లో వంశం మిగిలినవాళ్లు ఆరుగురు. ఆరు కొమ్మలకీ ఆరు రంగులు, ఏ కొమ్మవాళ్లకి ఆ రంగు. ఆ ఏర్పాటు నాదే.

"మీది ఏ కొమ్మ?" అన్నాడు.

"ఆ కొమ్మలు గీసింది నేనేనండి," అన్నాను నవ్వుతూ.

ఆయనా నవ్వి, తెల్ల స్టికర్ ఇచ్చాడు. అతిథులకి తెలుపు. అదీ నేను పెట్టిందే. మా ఆయన దాన్ని చొక్కాకి అంటించుకుంటూ, "వడ్డించినవాడు వరసలో ఆఖరు," అన్నాడు. నేను పట్టించుకోలేదు.

షెడ్డు లోపల చల్లగా, డీజిల్ వాసనగా ఉంది. గోడ పొడుగునా గుడ్డ. పైన ముత్తాత, ఆయనకి ఎడమ పక్క మొదటి భార్య, కుడి పక్క రెండో భార్య. మొదటి ఆవిడ పేరు దగ్గర ఎవరో చిన్న మొక్కజొన్న కంకి గుచ్చారు. నాకు సంతోషం వేసింది. కళ్లు అలవాటుగా కింది మూలకి వెళ్లాయి, మొత్తం దగ్గరికి. ఎక్కడైనా నేను ముందు చూసేది అదే.

రెండు వందల పన్నెండు.

ప్రింటు తప్పనుకున్నాను. తరవాత అల్లుడి పేరు వెతికాను. పక్కన కొత్త అమ్మాయి పేరు. మా అమ్మాయి పేరు లేదు. కింద చోటు ఖాళీ, తెల్లగా.

నేను అక్కడే నిలబడి ఉండగా ఒక అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. ఆకుపచ్చ స్టికర్, మా వియ్యపురాలి కొమ్మది. ఆరో నెల ఉంటుంది. మంచి ముఖం. "ఇది మీరు చేశారటగా? అత్తయ్య చెప్పింది. నాకు నోట మాట రాలేదు తెలుసా," అంది. తరవాత వేలితో ఆ ఖాళీ చూపించింది. "మా పాప ఇక్కడికి వస్తుంది. చోటు సరిపోతుందా అండీ?"

"సరిపోతుంది," అన్నాను.

ఆ పిల్లకి ఏమీ తెలియదు. ఆ పిల్ల మీద నాకు అప్పుడూ కోపం రాలేదు, ఇప్పుడూ లేదు.

మా వియ్యపురాలు బయట పెద్ద గుండిగలో మొక్కజొన్న కంకులు ఉడికిస్తోంది. నన్ను చూసి పట్టకారు ఊపింది. దగ్గరికి వెళ్లాక నా ముఖం చూసి ఊపడం మానేసింది.

"మొత్తం రెండు వందల పన్నెండు అని ఉంది, వదినా," అన్నాను.

"నువ్వు చూస్తావని నాకు తెలుసు," అంది. నీళ్లలోకి చూస్తోంది.

"ఎప్పుడు తీసేశావు?"

"తీసెయ్యలేదు. ఈసారికి వెయ్యలేదు, అంతే."

"ఎప్పుడు?"

"ఏప్రిల్‌లోనే అనుకున్నాను. వాళ్లు వచ్చి కడుపు సంగతి చెప్పినప్పుడు."

"మేలో నా చేత మూడుసార్లు లెక్క చూయించావు."

"మిగతా అంతా సరిగ్గా ఉండాలి కదా!"

అది ఆవిడ అబద్ధానికి అనలేదు. నిజంగానే అలా అనుకుంది.

"వదినా, ఆ అమ్మాయి కడుపుతో ఉంది," అంది, గొంతు తగ్గించి. "ఆ గుడ్డ ముందు నిలబడి ఫొటోలు దిగుతుంది. సరిగ్గా తన పేరు కింద పోయిన బిడ్డని ఎలా పెట్టను? నువ్వు తల్లివి, నేను నీకు చెప్పాలా? మావాడు కూడా తట్టుకోలేడు."

"మీ ముత్తాత కూడా ఇదే అని ఉంటాడు."

"అది వేరు."

"ఏం వేరు?"

"ఆమె మా మనిషి."

అనేసి ఆగిపోయింది. "అలా కాదు, నేను అనబోయింది అది కాదు," అంటూ నా చెయ్యి పట్టుకోబోయింది. పట్టకారు ఇంకా చేతిలోనే ఉండటంతో వేడి నీళ్లు నా మణికట్టు మీద చిందాయి. "అయ్యో, వదినా," అంది. కాలింది పెద్దగా ఏమీ కాదు.

అక్కడ ఆ ఖాళీ గురించి ఎవరూ ఏమీ అనలేదు. అయోవా వాళ్లు వచ్చి నాకు చేతులు కలిపారు. ఒకాయన మైక్‌లో నా పేరు తప్పుగా పలికి చప్పట్లు కొట్టించాడు. నేను లేచి నిలబడి, తలూపి, కూర్చున్నాను. షెడ్డులోకి మళ్లీ వెళ్లలేదు. ఫొటో తియ్యలేదు.

కారు మా ఆయన నడిపాడు. హైవే ఎక్కాక, "గిన్నె తెచ్చుకున్నావా?" అన్నాడు. పులిహోర గిన్నె వాళ్ల బల్లమీదే ఉండిపోయింది. మా పెళ్లికి పెట్టిన గిన్నె.

"వెనక్కి తిప్పనా?"

"వద్దు."

అమ్మాయి ఫోన్ చేసింది. హలో అనలేదు. "ఉందా?" అంది.

లేదని చెప్పాను.

"ఓకే," అంది. మళ్లీ, "ఓకే అమ్మా. ఇట్స్ ఓకే. డ్రైవ్ సేఫ్." ఫోన్ పెట్టేసే ముందు ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. మొక్కజొన్న చేలో మా వియ్యపురాలు ఏడవబోయే ముందు అలాగే పీల్చుకుంది.

నేను ఎక్కడ మోసపోయానో చాలాసార్లు వెనక్కి లెక్కేసుకున్నాను. మా వాళ్లలో ఆ బిడ్డకి చోటు లేదని నాకు ముందే తెలుసు. అక్కడ నన్నెవరూ మోసం చెయ్యలేదు, ఎప్పుడూ ఇస్తామని అనలేదు. వీళ్లు ఇస్తామన్నారు. పేరు లేని పిల్లలకి కూడా రాయి వేసి రోజులు చెక్కే మనుషులని నా కళ్లతో చూసి, అందుకే మా అమ్మ మాట కాదని వీళ్ల మాట నమ్మాను. మా అమ్మాయి చేత కూడా నమ్మించాను. పెన్సిల్‌తో గీసిన మనిషే ప్రింటులో వదిలేసింది. ఆ కాగితాలు ఇప్పటికీ ఆవిడ దగ్గరే ఉన్నాయి. ఆ గుండ్రం చెరిపిందో, అలాగే ఉంచిందో తెలియదు. అడగలేదు.

నవంబర్‌లో మెసేజ్ వచ్చింది. గులాబీ టోపీలో పసిపాప ఫొటో. కింద రాసింది: "వదినా, ఆడపిల్ల, ఆరోగ్యంగా ఉంది. ఇప్పుడు మనం రెండు వందల పదమూడు! వీలైనప్పుడు ఎక్కిస్తావా?"

రెండు వందల పదమూడు. మేలో నేను మూడుసార్లు సరిచూసి పంపిన సంఖ్యే. ఇక కొత్త పాపని చేర్చిన వాళ్ల లెక్కనీ, నా పాత లెక్కనీ ఎవరైనా పక్కపక్కన పెట్టి చూసినా తేడా కనిపించదు. రెండూ సరిగ్గా కలుస్తాయి. ఎవరూ వెతకరు.

ఆ రాత్రి నా ఫైలు తెరిచి కొత్త పాపని ఎక్కించాను. పాప తప్పేముంది. అక్క పక్కన చెల్లెలి గీత గీశాను. ఫైలు తిరిగి పంపలేదు, మెసేజ్‌కి జవాబు ఇవ్వలేదు. గిన్నె ఇంకా వాళ్లింట్లోనే ఉంది, దాన్ని నేను లెక్కలో కలపడం లేదు.

వాళ్ల మొత్తం రెండు వందల పదమూడు. నాది రెండు వందల పద్నాలుగు. ఇవాళ్టికీ వాళ్లు నాకు బాకీ ఉన్నది ఒకటి.